దాలమ్మత్త మసి కాళ్ళు

గోగు కట్టెకు చుట్టిన నూనెగుడ్డ కాలుతుంటే ఒక వాసన వస్తుంది. కొంచెం కమురు, కొంచెం పచ్చికట్టె. పక్క వీధి పిల్లలు తొందరపడి ముందే వెలిగించినట్టున్నారు, ఆ వాసన ఇప్పుడే మా గుమ్మంలోకి వచ్చింది. నా చెయ్యి దానంతట అదే నీళ్ళ చెంబు కోసం వెతికింది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఆ చెంబు విలువ నాకు తెలిసేలా చేసిన మనిషిని మీరెవరూ చూడలేదు కాబట్టి చెప్పాలి.

మా వైపు దీపావళికి టపాకాయల కన్నా ముందు దివిటీలు. మసక చీకటి పడగానే పిల్లలు గోగు దివిటీలు వెలిగించి, వీధిలో నేలకేసి కొట్టి, పారేసి వస్తారు. ఆ మసి కాళ్ళతో గడప దాటకూడదు. ఇంటి పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడి కాళ్ళ మీద నీళ్ళు పోసి, నోట్లో తీపి పెట్టాకే లోపలికి రావాలి.

పూండి దగ్గర మా ఊళ్ళో ఇంటింటా మగవాళ్ళను పట్టుకున్న కిడ్నీల జబ్బే నా భర్తనూ తీసుకుపోయింది. అవి తొంభైల ఆఖరి రోజులు. అత్త నీలమ్మనూ, చిన్నపిల్ల అయిన నా కూతుర్నీ వెంటబెట్టుకుని పలాసలో జీడి బట్టీ పనికి వచ్చాను. అక్కడ ఆడవాళ్ళ మీద మేస్త్రీ దాలమ్మత్త. బొద్దుగా ఉండేది, జీడి నూనెకు చేతులు నల్లబడి ఉండేవి, నవ్వితే బట్టీ రేకులు మోగేవి. మొదటి రోజు నేను ఉత్త చేతులతో జీడి పిక్కలు కొట్టబోతే నా చెయ్యి పట్టుకుని గుప్పెడు బూడిద పూసేసింది. "ఏటే, తోలూడిపోతే అన్నమెలాగ తింతావు? మొగుడు పోనాడని సేతులు కూడా పారేసుకుంతావేటి?" అంది. అందరి ముందూ అలా అన్నందుకు ముందు ఒళ్ళు మండింది. అయితే సాయంత్రానికి తన పక్క గదే మాకు అద్దెకు ఇప్పించింది.

మా అత్త మాత్రం ఆ గదిలో గోడవైపు తిరిగి కూర్చునేది. మేమిద్దరం తిన్నాక తినేది, రోజు రోజుకీ మెతుకులు తగ్గించుకుంటూ వచ్చింది. ఏమీ అడిగేది కాదు. కొడుకు వెనకే వెళ్ళిపోవాలని చూస్తోందని నాకు అర్థమైంది. ఏడాది తిరిగింది, దీపావళి వచ్చింది. "నువ్వూ, నీ కూతురు గుంటా సేసుకోండి. నాను గదిలోనే ఉంతాను, మొకం సూపించను. ఈ సేత్తోనే ఆడి నోట్లో తులసి నీళ్ళు పోసినాను. మంచికి పనికొచ్చిన సెయ్యి కాదిది" అంది మా అత్త.

సరే, ఆవిడ ఇష్టమని బూరెలు పళ్ళెంలో పెట్టి గదిలోకి తీసుకెళ్ళబోయాను. దాలమ్మత్త అడ్డం నిలబడింది.

"పల్లెం పంపిత్తే పండగ పంపినట్టేటే? బూరెలు నేక సిక్కిపోనాదా ఆవిడ? తనతో ఎవులికీ పనినేదని సిక్కిపోనాది."

ఆవిడ పద్ధతే అది. పండగ నాడు ముసలివాళ్ళకు ఏదీ పెట్టేది కాదు, అడిగేది. నన్ను ఆపాక ఆ పొద్దున్నే వెళ్ళి, వీధి మొదట్లో ఉండే కాళ్ళు పడిపోయిన నారయ్య తాత ముందు గోగు కట్టెలూ పాత గుడ్డలూ కుప్ప పోసింది. "మావా, నువ్వు కడితేనే గట్టిగుంతాయి. నిరుడు పిల్ల గుంటలు కట్టినవి మద్దిలోనే ఊడిపోనాయి" అంది.

"నాను సచ్చిపోతే ఎవులు కడతారే?"

"సచ్చిన్నాడు సూద్దుం. ఇయ్యాల కట్టు."

తాత తిట్టుకుంటూనే గుడ్డలు చింపడం మొదలుపెట్టాడు.

అక్కడినుంచి వచ్చి మా అత్తను అడిగింది. "వదినా, సాయంత్రం నీళ్ళు నువ్వు పొయ్యాల. మా ఇంట్లో పెద్దదిక్కు నేదు." మా అత్త గోడవైపు నుంచి తల తిప్పలేదు. "ఇంకెవుల్నైనా అడుగు" అంది. దాలమ్మత్త మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నోరున్న మనిషి ఊరుకునేసరికి నాకు దిగులేసింది. ఇక మా అత్తను ఎవరూ కదపలేరనుకున్నాను.

సాయంత్రం వీధిలో ఒకటే నవ్వులు. "దాలమ్మ దివిటీ కొడతంది, సూడండిరా!" బయటికి వచ్చి చూద్దును కదా, యాభై దాటిన మనిషి చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, పిల్లల మధ్య దివిటీ నేలకేసి కొడుతోంది. అది ఆరాక తన ఇంటికి పోకుండా తిన్నగా వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. మోకాళ్ళ దాకా మసి.

"వదినా, నీళ్ళు."

"నీ ఇంటికెల్లు దాలమ్మా."

"నా ఇంట్లో ఎవులున్నారు? నా పెళ్ళి కాకముందు మాయమ్మ పోసింది, మరెవులూ పొయ్యనేదు."

"నా సెయ్యి మంచిది కాదని సెప్పినాను కదా."

దాలమ్మత్త గొంతు తగ్గింది. "నీ కొడుక్కి ఆకర్న నీళ్ళు దొరికింది ఆ సేత్తోనే కదా వదినా. నా మొగుడు లారీ గుద్దీసి రోడ్డు మీద దాహం దాహమని పోనాడట. నీ సేతిలాటి సెయ్యి ఆడికి దొరకనేదు."

దాలమ్మత్త మళ్ళీ గొంతు పెంచింది. "పొయ్యకపోతే ఈడే నిలబడతాను. దోమలు కుడితే ఆ పాపం నీదే!"

గోడ పట్టుకుని మా అత్త లేచింది. చెంబు తీసుకుంది. వంచితే నీళ్ళు సగం గడప మీదే పడ్డాయి. "గడపకి పోసీసినావు వదినా! ఇంకో సెంబు!" అని అరిచింది దాలమ్మత్త. రెండో చెంబు కాళ్ళ మీద పడింది. "నోరు తెరు" అంది మా అత్త. బెల్లం ముక్క పెట్టింది. ఇది చూసి నా కూతురు మసి కాళ్ళతో పరిగెత్తుకొచ్చింది, దాని వెనక వీధి పిల్లలంతా వచ్చారు. ఆవిడ విసుక్కుంటూనే అందరికీ పోసింది. ఆ పూట మా పక్కన కూర్చుని తింటూ, "అన్నంలోకి కాసింత సారు పొయ్యి" అంది. ఆ గదిలో ఆవిడ నోరు తెరిచి అడగడం అదే మొదలు.

తరవాత చాలా దీపావళులకు మా అత్తే వీధికి నీళ్ళు పోసింది. ఆవిడ పోయిన కొన్నాళ్ళకు దాలమ్మత్త మంచం పట్టింది. ఆ పండగకు నేనే దివిటీ కొట్టి ఆవిడ మంచం ముందు నిలబడ్డాను. "నీ వయసేటి, దివిటీలేటే!" అని తిట్టింది. తిడుతూనే పక్కకు ఒరిగి, చెంబు వంచింది. పడుకునే పోసినా ఒక్క చుక్క పక్కకు పోలేదు.

ఇప్పుడు మా వీధి పిల్లలు నీళ్ళకు నా గుమ్మానికే వస్తారు. ఈసారి మాత్రం చెంబు మా అమ్మాయికి ఇచ్చేస్తున్నాను. ఎదురింటి మేడ మీదకు నందిగాం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వచ్చినప్పటినుంచీ కిటికీ దగ్గరే కూర్చుంటోంది. పొద్దున వాళ్ళ కోడలు పళ్ళెం లోపలికి పట్టుకెళ్ళడం చూశాను. నా మోకాళ్ళు మెట్లెక్కడానికి ఒప్పుకోవు, అయినా మసి కాళ్ళతో ఎక్కుతాను. రాసింది చాలమ్మా, ఆ గోగు కట్టె ఇలా అందుకో.