నల్ల బీరు బ్రెడ్

పెళ్లయిన కొత్తలో నందిగామలో కాపురం పెట్టాం. ఈస్ట్ లేకుండా చేసే బ్రెడ్ ఒకటి ఫోన్‌లో చూసి ముచ్చటపడ్డాను. అందులో పోసే నల్ల బీరు, జగ్గయ్యపేటలో ఉద్యోగం చేసే మా ఆయనే వస్తూ వస్తూ తెచ్చారు. మైదాలో కలిపి ఒవెన్‌లో పెట్టానో లేదో, చెప్పాపెట్టకుండా అత్తగారు వచ్చారు. వంటగట్టు మీద సీసా చూశారు.

"ఏంటమ్మాయ్, నువ్వు తాగుతావా?"

"అయ్యో, బ్రెడ్‌లోకండి అత్తయ్యా! ఆయనే తెచ్చారు, అడగండి."

"ఏరా, నువ్వు తెచ్చావా?"

ఆయన తల దించుకుని, "నాకు తెలీదమ్మా" అన్నారు.

అత్తగారు మంచినీళ్లైనా ముట్టకుండా వెళ్లిపోయారు. "అమ్మ ముందు ఎలా చెప్పమంటావ్?" అంటూ ఆయన వేడి బ్రెడ్ కోసుకుని తిన్నారు. "బాగా కుదిరిందే" అన్నారు. నేను నా ముక్క పక్కన పెట్టేశాను.

అత్తగారి కోపం నెమ్మదిగా చల్లారింది. ఆయన ఉన్నారన్న ధైర్యం మాత్రం నాకు మళ్లీ రాలేదు.