నిలబడ్డ మోటరు

మొన్న నా బ్యాటరీ స్కూటర్ మొరాయిస్తే కంఠేశ్వర్‌లో మెకానిక్ దగ్గరికి తోసుకుంటూ తీసుకుపోయాను. మోటరు ఎటు తిరిగి ఉందో చెప్పే సెన్సార్ పోయిందన్నాడు. "అది లేకున్నా నడుస్తది కాకా. తీగలల్ల కరెంటును చూసి కంట్రోలరే లెక్కగట్టుకుంటది. గని ఆగినకాడికెంచి ఎత్తుకునేటప్పుడు జర తడబడ్తది" అని అతడు చెప్పాడు.

ఆ తడబాటు నాకు కొత్త కాదు. బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో చూశాను. సీజన్ మొదలైతే ఆ రోడ్లన్నీ చెరకు బండ్లతో నిండి, పాకం వాసన మా బట్టలకే కాదు, తినే అన్నానికి కూడా పట్టేదని మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అక్క పెనిమిటి అక్కడ ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. నన్ను పనిలో పెట్టించినదీ, టెస్టర్ పట్టడం నేర్పినదీ ఆయనే.

ఒక ఏడు, చెరకును పైకి మోసుకుపోయే ఏటవాలు గొలుసు పట్టీ మోటరుకు ఉన్న సెన్సార్ తడిసి చెడిపోయింది. అది లేకుండానే నడిపే పద్ధతి, మోటరుకు కరెంటు అందించే కొత్త డ్రైవ్ పెట్టెలో ఉందని పుస్తకంలో చదివి, అలా అమర్చినవాణ్ణి నేనే. రెండు రోజులు చక్కగా నడిచింది, అందరూ నన్ను మెచ్చుకున్నారు. మూడోనాడు పట్టీ నిండా చెరకు ఉండగా కరెంటు పోయి ఆగింది. కాసేపటికి కరెంటు మళ్ళీ వచ్చింది.

"తిరిగేటప్పుడంటే దానికి ఎరుకైతది తమ్మీ, నిలబడ్డంక ఏం ఎరుకైతది? చెరకు దింపినంకనే మోటరు చాలు చేద్దాం" అన్నాడు బావ.

దింపాలంటే ఒక పూట పడుతుంది, గేటు బయట రైతులు విసిగిపోయి ఉన్నారు. "ఏం గాదు బావా" అన్నాను. ఆయన, అడ్డం పడ్డ చెరకు గడలు తీసి చెయ్యి ఊపుతానని, అప్పుడే బటన్ నొక్కమని చెప్పి పట్టీ కింది కొసకు పోయాడు. ఆ చెయ్యి ఊపేదాకా నేను ఆగలేదు. బటన్ నొక్కగానే ముందుకు పోవలసిన పట్టీ ఒక్క ఊపున వెనక్కి జారి, చెరకంతా ఆయన మీద కూలింది. కుడి మోకాలు మళ్ళీ వంగలేదు.

విచారణలో ఆయన, తానే తొందరపడి ముందే చెయ్యి ఊపానని చెప్పాడు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. అక్కకూ అదే చెప్పాడు. ఆ తరువాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. ఇంటికి పోతే ముందు నాకే వడ్డించమనేవాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ నడవడం లేదు, చెరకు చేలలో వరి, పసుపు వేస్తున్నారు. నిలబడ్డ మోటరుకు కూడా సన్నగా కరెంటు పంపి ఎటు ఉందో కనుక్కునే డ్రైవ్‌లు వచ్చాయట. బావ పోయి మూడేళ్ళయింది. "ఆయనకే తొందరెక్కువ, ఎవ్వల మాట ఇనకపోయె" అని అక్క ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. నేను పక్కనే కూర్చుని చాయ్ తాగుతుంటాను.