చిన్నకోడలు పట్టిన దీపం బొమ్మ

మార్కాపురంలో మా మామగారిది పలకల వ్యాపారం. ఇంట్లో కంప్యూటర్ తెలిసినదాన్ని చాలా ఏళ్లు నేనొక్కదాన్నే. కంపెనీ వెబ్‌సైట్ చేసింది నేను, చూసుకునేదీ నేనే. "పెద్దకోడలిని అడగండి" అన్న మాట వింటే నాకు కడుపు నిండేది. గిద్దలూరు నుంచి చిన్నకోడలు వచ్చాక ఆ మాట తగ్గింది. ఆమె ఏదో సెక్యూరిటీ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. అత్తగారు ఆమె గదికే మజ్జిగ తీసుకెళ్తారు. నాకు ఏనాడైనా తెచ్చారా?

పోయిన ఏడాది మా సైటును పోలిన దొంగ సైటు ఒకటి బయటపడింది. మా దగ్గర సరుకు కొనే పాత పార్టీలకే ఎవరో ఫోన్ చేసి, అందులో ఆర్డర్లు పెట్టించుకుని, డబ్బు తీసుకుని సరుకు ఎగ్గొడుతున్నారు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూడమని మామగారు నాకే చెప్పారు. మూడు రోజులు మా కంపెనీ పేరుతో వెతికాను. ఇంకేమీ లేవని ఢంకా బజాయించి చెప్పాను.

చిన్నకోడలు అంతా విని, సైటు తెరిస్తే పైన ట్యాబ్ మూలన, పేరు పక్కనే కనబడే చిన్న దీపం బొమ్మను పట్టుకుంది. పలకల కట్టల మీద మేం వేసే ముద్రే అది. దొంగలు పేర్లు మార్చారు గానీ బొమ్మ మార్చలేదు. ఒకే బొమ్మకు ఎక్కడైనా ఒకే సంఖ్య వస్తుందట. ఆమె కంప్యూటర్ చేత ఆ బొమ్మకు సంఖ్య కట్టించి, ప్రపంచంలోని సైట్లను స్కాన్ చేసి దాచే చోట ఆ సంఖ్యతో వెతికింది. అదే బొమ్మ ఉన్నవన్నీ బారులు తీరాయి. హమాలీలు కూడా పేరు చదవరు, ముద్ర చూసే కట్ట ఎత్తుతారని మామగారు మురిసిపోయారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని అత్తగారు నా వైపు చూసి నవ్వారు. నా ఒళ్లు మండిపోయింది.

ఐదు దొంగ సైట్ల పేర్లు కాగితం మీద రాసి మామగారికిచ్చి, ఆమె వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, ఆరోది మనదే. నువ్వెప్పుడో ట్రయల్‌కు పెట్టినావు, తాళం లేకుండా అట్లనే ఉండాది. పార్టీల నంబర్లన్నీ దాంట్లోంచే ఎత్తుకపోయినారు. మూసెయ్. మామకు చెప్పలేదులే."

వెంటనే వెళ్లి మూసేశాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

మర్నాడు మామగారు నా ముందే ఆమెను అడిగారు, నంబర్లు ఎట్ల బయటికి పోయినాయమ్మా అని. ఆమె నా వైపు చూడకుండా, "తెలీదు మామా" అంది. ఇంత తెలిసినదానివి, ఇది కనుక్కోలేకపోతివా అని మామగారు పెదవి విరిచారు. ఆమె తల దించుకుంది. నేను నోరు తెరవలేదు. పైగా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణం నాకు ఎంతో హాయిగా అనిపించింది.