టేకు వేలంలో తెర ప్రకటించిన విజేత

స్వచ్ఛంద విరమణకు రెండేళ్ల ముందు, ఓ ఎండాకాలం చివర, నన్ను భద్రాచలం అడవి అంచున ఒక కలప డిపోకు రేంజ్ ఆఫీసర్‌గా వేశారు. మొదటి పనే టేకు దుంగల బహిరంగ వేలం. అందులో ఒక దుంగ ఎంత లావంటే, దానికి చెరో పక్క నిలబడ్డ ఇద్దరు బీట్ ఆఫీసర్లు ఫోన్‌లో మాట్లాడుకోవాల్సి వచ్చింది. నమ్మనివారు డిపో కాపలా వాచర్‌ను అడగవచ్చు. అతను ఇంకా పెద్దది చెబుతాడు.

వేలం ముందురోజు మా డివిజనల్ ఆఫీసర్ గారు డిపో ల్యాప్‌టాప్‌లో వాన కబురు వెతికారు. ఏదో పేజీ తెరుచుకుని, రోబో కాదని రుజువు చేసుకోవడానికి ‘అలౌ’ నొక్కమంది. మా శాఖలో రుజువు అడిగితే చూపడం అలవాటు. ఆయన నొక్కారు. పై అధికారి రోబో కాదని తేలడం నాకూ సంతోషమే. నిజానికి ఆ పేజీకి రోబోలతో పనేమీ లేదు. ఎప్పుడంటే అప్పుడు మన తెర మీదికి ప్రకటనలు తోలుకోవడానికి అది తీసుకునే అనుమతే ఆ ‘అలౌ’ అని తర్వాత తెలిసింది.

మర్నాడు అదే ల్యాప్‌టాప్‌ను హాల్లో పెద్ద తెరకు కలిపాం. ఆ లావు దుంగ ఉన్న కుప్ప, మా భాషలో లాట్, ఖమ్మం సామిల్లు యజమాని యూసుఫ్ భాయ్ పాట మీద ఉంది. మూడోసారి అంటేనే పాట ఖాయం. నేను ‘రెండోసారి’ అన్నానో లేదో, టింగుమని తెర మూలన ఓ పెట్టె లేచింది: ‘అభినందనలు, విజేత మీరే’.

“ఖతం సార్. సర్కారు తెర మీదనే పడ్డది. లాట్ నాదే,” అన్నాడు భాయ్.

కల్లూరు రైతు నరసింహారావు గారు లేచారు. కొత్తింటి సింహద్వారానికి ఆ దుంగే కావాలని పొద్దుటి నుంచి వేలం మొదలయ్యేదాకా దాన్ని ఆనుకునే కూర్చున్న మనిషి. “నేనింకా పాడనే లేదండీ. ఇవ్వడానికి ఆ పెట్టె ఎవరండీ?”

తగాదా రాతలోకి ఎక్కితే వేలం రద్దు. మళ్లీ వేలం దాకా దుంగలు వానలో నానుతాయి, నేను సంజాయిషీలో నానుతాను. ఆ పెట్టెను మూసేద్దామని ల్యాప్‌టాప్ దగ్గరికి నడిస్తే మళ్లీ టింగుమంది: ‘మీ పరికరంలో ఐదు వైరస్‌లు’.

“భాయ్, ఇదీ సర్కారు తెర మాటే. గివి కూడా మీ లాట్‌లోనే లారీ ఎక్కించుకపోండ్రి,” అన్నాను.

హాలంతా నవ్వింది. భాయ్ కూడా నవ్వాడు. “వద్దు సార్. పాట నడిపియ్యుండ్రి.”

నరసింహారావు గారు పాట పెంచారు, మూడోసారి దాకా నిలబడ్డారు. దుంగ కల్లూరు వెళ్లింది.

సాయంత్రం డివిజనల్ ఆఫీసర్ గారు పిలిపించారు. “ఆ అలౌ ఎవరిచ్చిండ్రు?”

“పై అధికారుల అనుమతితోనే సార్.”

ఆయన కిటికీలోంచి మబ్బుల వైపు చూశారు. నేను బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల కింద ఆ సైటును పట్టుకుని అనుమతి రద్దు చేశాను. మేం లారీకిచ్చే రవాణా పర్మిట్‌కు గడువు తేదీ ఉంటుంది. ఈ పర్మిట్‌కు ఉండదు. ఎవరో ఒకరు వెళ్లి రద్దు చేసేదాకా బండ్లు వస్తూనే ఉంటాయి.