బోర్డులక్క ఖాళీగా వదిలిన గడి

ఆ పేటలో సగం దుకాణాల పేర్లు ఆమె చేతిమీదుగా పుట్టినవే. మందుల షాపు, టైర్ల షాపు, పళ్ళ డాక్టరు గది, ఆఖరికి పోలీసు స్టేషన్ గోడ మీద ‘ఇక్కడ వాహనములు నిలుపరాదు’ అన్నది కూడా. అందుకే పెద్దా చిన్నా అందరికీ ఆమె బోర్డులక్కే.

కుంచె పట్టడం మామగారి దగ్గర నేర్చుకుంది. “ఒక్క అక్షరం మింగావంటే రేకంతా తుడిచి మళ్ళీ రాయాలి, తెలిసిందా?” అని ఆయన మొట్టికాయ వేసి మరీ నేర్పాడు. ఆ అలవాటు బైబిలు చదివేటప్పుడూ పోలేదు. అందరూ గబగబా అధ్యాయాలు చదివేస్తుంటే ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వెళ్ళేది. బడి చదువు ఎనిమిదో తరగతితోనే ఆగింది. అయితేనేం, ఒకసారి చదివింది బుర్రలోంచి కదిలేది కాదు.

ఆమె మరిది ఆ పేట చర్చికి పాస్టరు. మంచివాడు, గంటలాంటి గొంతు. ప్రవచనాలంటే మాత్రం ప్రాణం. ఆ ఏడు లోకాంతం గురించి వరసగా ఐదు సాయంత్రాలు సభలు పెట్టాడు. వెనక కట్టడానికి పన్నెండు అడుగుల గుడ్డ మీద పెద్ద పటం కావాలన్నాడు. సృష్టి నుంచి కొత్త ఆకాశం దాకా ఏడు గడులు, ఏ గడిలో ఏం రాయాలో ఒక కాగితం.

“వదినా, శుక్రవారానికి అయిపోవాలి. నీ అక్షరాలు చూసే సగం మంది మారుమనస్సు పొందాలి!”

“మారకపోతే నా కుంచె తప్పంటావేమో,” అంది నవ్వుతూ.

ఐదు గడులు హాయిగా సాగాయి. ఆరో గడి దగ్గర చెయ్యి ఆగింది. కాగితంలో ఇలా ఉంది: ‘యూదులు తోసివేయబడిరి. దీవెనలు క్రైస్తవ సంఘమునకు. శాపములు, కడవరి యుద్ధము వారికి.’

ఆ మాట చర్చిలో ఎన్నిసార్లు విందో లెక్కలేదు. వినడం వేరు, మూరెడు ఎత్తున నల్లరంగుతో తన చేత్తో రాయడం వేరు. పైగా ఆమెకు తెలిసిన యూదుడు ఒకడున్నాడు. వీధి చివర కళ్ళద్దాల తాత. ఇరవై ఏళ్ళుగా ఆమె చూపు సరిచేస్తున్నది ఆయనే.

కుంచె కడిగి పెట్టి అక్కడికే వెళ్ళింది. ఇరుకు దుకాణం, గోడంతా అద్దాలు లేని ఫ్రేములు. తాత ఓ చిన్న మర బిగిస్తున్నాడు.

“తాతా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకూడదు. మీవాళ్ళ భవిష్యత్తు ఏమవుతుందంటావు?”

తాత తలెత్తి పకపకా నవ్వాడు. “అది మీ చర్చివాళ్ళకే బాగా తెలుసటగా! ఒకాయన వచ్చి మా పని అయిపోయిందన్నాడు. ఇంకొకాయన, మేమంతా మా దేశం చేరితేగానీ మీ ప్రభువు రాడన్నాడు, టిక్కెట్టు ఎప్పుడు కొంటావని అడిగాడు. మోకాలినొప్పి ఎలా ఉందని ఒక్కడూ అడగలేదు.”

“ఎలా ఉంది?”

“చచ్చేలా ఉంది. కూర్చో.”

కూర్చుంది. దాపరికం లేకుండా చెప్పింది. “యేసే మెస్సీయ అని నా నమ్మకం తాతా. నువ్వూ ఆయన్ని చూడాలని నా ఆశ.”

“తెలుసమ్మా. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు, తీసి ఒకసారి చెప్పావు. నాకు ఒప్పుదల లేదు. కానీ మా తాతముత్తాతలకు దేవుడు మాటిచ్చాడు. ఎలా నిలబెట్టుకుంటాడో ఆయన పని. ఈ మర బిగించడం నా పని.”

ఆ సాయంత్రం ఆమె పౌలు రోమా విశ్వాసులకు రాసిన ఉత్తరం తీసింది. తొమ్మిది నుంచి పదకొండు దాకా మూడు అధ్యాయాలు వేలు పెట్టి చదివింది. తన ప్రజల్ని దేవుడు తోసేశాడా అని తానే అడిగి, కాదని తానే గట్టిగా చెబుతున్నాడు పౌలు. అంటుకట్టిన అడవి కొమ్మల్లాంటి అన్యజనులు అసలు కొమ్మలైన యూదుల మీద గొప్పలు పోకూడదంటున్నాడు. మేలిమి రంగుతో రాసిన బోర్డంత స్పష్టంగా ఉంది ఆమెకు. మనసు తేలికపడింది.

మర్నాడు మరిది వచ్చేసరికి ఆరో గడి తెల్లగా వెక్కిరిస్తోంది.

“ఇదేంటి వదినా? రేపే సభ!”

“నమ్మని మాట నేను రాయను. దీవెనలన్నీ మనం మూటకట్టుకుని శాపాలు వాళ్ళకొదిలేశామేంటి? రోమా ఉత్తరంలో లేని ఈ పంపకం ఎక్కడిది?”

“ఆ ఉత్తరంలో ఇశ్రాయేలంటే యూదులు కాదు, సంఘమేనని పెద్ద పెద్ద పండితులే చెప్పారు.”

“సరే, ఇశ్రాయేలు అన్నచోట సంఘం అని పెట్టి చదువుదాం. అన్యజనులంతా లోపలికి వచ్చేదాకా సంఘానికి మనసు మొద్దుబారింది, అంతేగా? అన్యజనులంటే యూదులు కాని మనమే. మనం లోపలికి వచ్చేదాకా మొద్దుబారింది మన మనసేనా?”

పాస్టరు ఇంకో వాక్యం అందుకున్నాడు. “ఇశ్రాయేలులో పుట్టినవాళ్ళంతా ఇశ్రాయేలు కాదనీ అక్కడే ఉంది.”

“ఉంది, చదివాను. అందుకే గడి చెరపలేదు, ఖాళీగా వదిలాను. నువ్వే కూర్చుని తొమ్మిది నుంచి పదకొండు దాకా మూడు అధ్యాయాలూ పైకి చదువు. ఆ తర్వాత ఏం రాయమంటే అది రాస్తాను.”

అది ఉత్త మాట కాదని అతనికి తెలుసు. చదివాడు. మొదట్లో సభలో గొంతు, పోనుపోనూ ఇంట్లో గొంతు. దేవుడు ఇచ్చిన పిలుపును వెనక్కి తీసుకోడన్న చోట రెండుసార్లు ఆగాడు. పుస్తకం మూసి గుడ్డ దగ్గరికి నడిచాడు.

“పన్నెండేళ్ళుగా ఇది దాటేసి చెబుతున్నాను వదినా.”

“దాటేసిన చోటికి వెనక్కి రావడం తప్పు కాదులే.”

అతను చెప్పగా ఆరో గడిలో ఆమె నీలంరంగుతో రాసింది: ‘దేవుడు మాట తప్పడు.’

మూడో సాయంత్రం పాస్టరు ఆ గడి దగ్గర నిలబడి, ఇన్నాళ్ళూ తాను చెప్పింది సరిదిద్దుకుంటున్నానని జనం ముందే ఒప్పుకున్నాడు. యూదుల భవిష్యత్తు ఎప్పుడు, ఎలా అన్నది తనకు తెలియదన్నాడు. దేవుడు వాళ్ళను విడిచిపెట్టలేదన్నది మాత్రం తెలుసన్నాడు. వెనక వరసలో గుసగుసలు లేచాయి. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన లేచి, ఇది కొత్త బోధ అని విసవిసా బయటికి నడిచాడు.

బోర్డులక్క ఆయన ఇంటికి వెళ్ళింది. “అన్నయ్యా, పోట్లాడ్డానికైనా రా. గురువారం సాయంత్రం మా వరండాలో ఆ మూడు అధ్యాయాలే చదువుదాం,” అని పిలిచింది.

వచ్చాడు. చేతిలో ఆరు పుస్తకాలు, ప్రతి పేజీలో చీటీలు. ఇప్పటికి మూడేళ్ళయింది, ఏ గురువారమూ మానలేదు. పాత నిబంధన వాగ్దానాలన్నీ క్రీస్తులోనే తీరిపోయాయని ఆయన వాదన. తీరడం క్రీస్తులోనే, కానీ దేవుడు మాట ఎవరికిచ్చాడో వాళ్ళను మరిచిపోయి తీర్చడని ఈమె వాదన. వరండాలో ఇప్పుడు పద్నాలుగు కుర్చీలు. ఎవరి పక్షం వాళ్ళదే. కానీ యూదుల మీద ఎగతాళి మాట మాత్రం అక్కడ ఎవరి నోటా రాదు. వస్తే ముందు కండక్టరే కసురుతాడు.