నూట పన్నెండో పేరా

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండే ఉంటుంది. అది జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. అప్పీలు కోర్టులో బంట్రోతు దగ్గర్నుంచి పెద్ద జడ్జీల దాకా అందరికీ ఆయన పేరా గారే. ఫలానా మాట ఏ పాత తీర్పులో ఉందని అడగడమే ఆలస్యం, పుస్తకం తెరవకుండా పేరా నంబరు చెప్పేవాడు.

అప్పీలు బెంచి మీదికి రాకముందే కేసు కట్టంతా చదివి, అలాంటి గొడవల్లో పెద్ద కోర్టులు ఇదివరకు ఏమన్నాయో వెతికి, నాలుగు పేజీల నోటు రాసి జడ్జిగారి బల్ల మీద పెట్టడం ఆయన పని. ఆ నోటు సంగతి మూడో కంటికి తెలియకూడదు. కక్షిదారులు పలకరిస్తే పలకకూడదు. తీర్పులో ఎంత భాగం తన వేళ్ళ కింద పుట్టినా తన పేరు ఎక్కడా కనబడదు. కుర్ర లాయర్లు ఈ కుర్చీలో రెండేళ్ళు కూర్చుని, జడ్జిగారి చేత నాలుగు మంచి మాటలు రాయించుకుని, ప్రాక్టీసుకి పోతారు. ఈయన ఇరవై రెండేళ్ళు ఉండిపోయాడు. పదిమందిలో నిలబడి వాదించడం మీ వల్ల కాదా అని భార్య దెప్పేది. కాదనే ఒప్పుకునేవాడు, పాపం.

ఉద్యోగం చూడబోతే గాలిలో దీపం. పెద్ద జడ్జిగారు ఏటా పొడిగింపు కాగితం మీద సంతకం పెడితేనే మరో ఏడాది. ఆవిడ కోపిష్ఠి కాదు, అబద్ధం మాత్రం సహించదు. నోటు అందుకున్న ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేది: "పైనుంచి కిందదాకా చదివారా?" చదివాను మేడమ్ అనేవాడు. అంతటితో సరి. బెంచి మీద ఆవిడ పక్కన కూర్చునే మిగతా ఇద్దరు జడ్జీలకి ఆవిడ మాట మీద నమ్మకం, ఆవిడకి ఈయన మాట మీద.

రెండేళ్ళ కిందట కళ్ళు మోసం చేయడం మొదలుపెట్టాయి. చూపు నడిమధ్యలో ఒక మసక మచ్చ. చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి, దేన్ని చూడబోతే అదే మాయం. ఇది ఆగదు, పోయింది వెనక్కి రాదు అని కంటి డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. నడకలో తేడా లేదు కాబట్టి ఆఫీసులో ఎవరూ పసిగట్టలేదు. గది తలుపు వేసుకుని, కంప్యూటరులో అక్షరాలు పెంచుకుంటూ పోయాడు. చివరికి తెర మీద నాలుగే నాలుగు లైన్లు పట్టేవి. దాచాడు. తప్పా అంటే తప్పే. చదవడం తప్ప మరో విద్య రాని మనిషి, ఇక చదవలేనని ఎవరితో చెప్పుకుంటాడు?

అలాంటి రోజుల్లో లిఫ్టాయన అప్పీలు వచ్చింది. ఆయన ఒక ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. లిఫ్టు తెగిపడి ఇద్దరు పోయారు. బ్రేకు పాడైందని నాకు ముందే తెలుసు అంటూ పోలీసు స్టేషన్లో ఆయన పెట్టిన సంతకం తప్ప మరో సాక్ష్యం లేదు. కింది కోర్టు ఏడేళ్ళు వేసింది. ఆయన భార్య ప్రతి వాయిదాకీ గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని మెట్ల పక్క బల్ల మీద కూర్చునేది. ఒకసారి, "అన్నయ్యా, మా నంబరు పిలిచారా?" అని అడిగింది. వినబడనట్టు దాటిపోయాడు. రూలు రూలే.

స్టేషన్లో ఇచ్చిన మాట ఒక్కటీ చాలా, చాలదా? దీని మీద అయిదుగురు జడ్జీలు కూర్చుని చెప్పిన పాత తీర్పు ఒకటుంది. మూడు వందల పేజీలు. పేరా గారు కంప్యూటరులో వెతికితే నేరుగా నూట పన్నెండో పేరా తెరుచుకుంది. చాలు, శిక్ష వేయవచ్చు అని అందులో స్పష్టంగా ఉంది. అదే నోటులో ఎక్కించాడు. మేడమ్ అలవాటు ప్రకారం అడిగింది. చదివాను మేడమ్ అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట అబద్ధమని తెలిసీ అనడం అదే మొదలు. లిఫ్టాయన తరఫున సర్కారు పెట్టిన లాయరు ఆ తీర్పు మొహమే చూసినట్టు లేడు. బుధవారం నాడు అప్పీలు కొట్టేస్తున్నట్టు కోర్టులో చదివేశారు.

తీర్పు మీద సంతకాలు శుక్రవారం. మేడమ్ పదవీ విరమణ కూడా ఆ రోజే. దిగేలోపు పేరా గారి పొడిగింపు కాగితం మీద కూడా సంతకం పెట్టి పోతానంది.

గురువారం మధ్యాహ్నం స్టెనో వచ్చి, నూట పన్నెండో పేరా రాసిన జడ్జిగారి పేరు కావాలి, టైపు చేసెయ్యాలి అంది. ఇప్పుడే చెబుతానని ఆయన తెరని పైకి జరపడం మొదలెట్టాడు. నాలుగు లైన్లు, మళ్ళీ నాలుగు లైన్లు. నూట పది, నూట అయిదు, నూరు. తొంభై ఆరో పేరా దగ్గర ఆ పేరు దొరికింది. దాని కింద ఒక ముక్క ఉంది: మిగతా నలుగురితో నేను ఏకీభవించలేకపోతున్నాను.

నలుగురూ చాలదన్నారు. చాలన్నది వాళ్ళతో విభేదించిన ఒకే ఒక్కాయన. ఆ ఒక్కాయన మాటే చట్టమని పేరా గారు రాశాడు, దాన్ని పట్టుకుని ముగ్గురు జడ్జీలు ఒక మనిషిని ఏడేళ్ళు లోపల ఉండమన్నారు. పేరు రేపు చెబుతానని స్టెనోని పంపేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. కళ్ళ సంగతి ఆవిడకి తెలుసు, పేపరు చదివి వినిపించేది ఆవిడే. కూతురు నర్సింగు చివరి ఏడాదిలో ఉంది. ఆవిడ మెల్లగా అంది. "ఆ నలుగురిలో ఒకరి పేరు రాసెయ్యండి. రేపు మీ మేడమ్ దిగిపోతుంది. ఎవరు చూస్తారు?"

ఆవిణ్ణి తప్పుపట్టకండి. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా వదలబుద్ధి కాదు. పేరా గారికీ వదలబుద్ధి కాలేదు. మర్నాడు బస్సు దిగేదాకా ఆ నలుగురిలో ఒకరి పేరే నోట్లో నానింది. మెట్ల పక్కన లిఫ్టాయన భార్య కూర్చుని ఉంది, తీర్పు నకలు కోసం వచ్చినట్టుంది. ఎప్పటిలాగే దాటిపోయాడు. దాటి పది అడుగులు వేశాక కాళ్ళు తన గదివైపు కాకుండా మేడమ్ ఛాంబరువైపు తిరిగాయి.

ఆవిడ పుస్తకాలు అట్టపెట్టెల్లోకి సర్దుకుంటోంది. నిలబడే మొత్తం చెప్పాడు. పేరా, నాలుగు లైన్ల తెర, కళ్ళు, అబద్ధం. ఆవిడ చేతిలో పుస్తకం చేతిలోనే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఈ రెండేళ్ళలో ఇంకెన్ని, పేరా గారూ?"

ఆయన ఆ లెక్క తనలో తానైనా ఎప్పుడూ వేసుకోలేదు. రెండేళ్ళలో రాసిన నోట్లు మూడొందల పైచిలుకు. వాటిలో ఎన్నింట్లో, ఎవరి బతుకు మీద, ఏ పేరా పెట్టాడో? తెలియదు మేడమ్ అన్నాడు. ఆవిడ కుర్చీలో కూలబడింది. పదకొండేళ్ళు మీ మాట మీద సంతకాలు పెట్టాను అని మాత్రం అంది.

ఆవిడ తీర్పు మీద సంతకం పెట్టలేదు. మిగతా ఇద్దరినీ పిలిపించి, మొన్న చదివిన తీర్పు రద్దు చేస్తున్నామనీ, అప్పీలు మరో బెంచి మొదటినుంచి వినాలనీ ఉత్తర్వు రాయమంది. ఎవరు రాయాలి? పేరా గారే. ఆఖరి నోటు. పరిశోధన నోటులో దొర్లిన పొరపాటు వల్ల అని తన చేత్తోనే రాసుకున్నాడు. రెండు పేజీలు. పాత నోట్లన్నీ తిరిగి పరిశీలించాలని మరో కాగితం వేరే వెళ్ళింది. పొడిగింపు కాగితాన్ని ఆవిడ ఖాళీగానే ఫైలులో పెట్టేసింది. ఆయన అడగలేదు.

నాలుగున్నరకి గుర్తింపు కార్డు ఇచ్చేసి బయటికి వచ్చాడు. లిఫ్టాయన భార్య ఇంకా బల్ల మీదే ఉంది, చేతిలో ఉత్తర్వు నకలు. కోర్టు రాతలు తనకి అర్థం కావు, లాయరు ఫోనెత్తడం లేదంది.

"అన్నయ్యా, కాస్త చదివి పెట్టవూ?"

ఇప్పుడు ఆయనకి ఏ రూలూ అడ్డం లేదు. పక్కన కూర్చుని కాగితాలు తీసుకున్నాడు. ఒక్క అక్షరం కనబడలేదు. కనబడాల్సిన అవసరమూ లేదు, ప్రతి ముక్కా నోటికి వచ్చు. మెల్లగా, అర్థమయ్యేలా చెప్పుకుంటూ పోయాడు. మళ్ళీ మొదటినుంచి వింటారు. అప్పటిదాకా మీ ఆయన లోపలే ఉంటాడు. బెయిలు సంగతి కొత్త బెంచి చూసుకుంటుంది. పొరపాటు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆపింది.

"ఎవరు చేశారంట పొరపాటు?"

"లోపల నోటు రాసేవాడు."

"వాడి కళ్ళు పోను," అంది. అరవలేదు. అలసిపోయిన మనిషి అనే తీరులో అంది.

ఆయన ఆగకుండా చివరిదాకా చదివేశాడు. ఆవిడ కాగితాల వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది.

"రెండో కాగితం తిప్పనే లేదు కదా అన్నయ్యా. ఎట్లా చదివావు?"

"నేనే రాశానమ్మా," అన్నాడు. "నోటు కూడా నేనే రాశాను. నువ్వన్న కళ్ళు ఎప్పుడో పోయాయి."

ఆవిడ ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది. తిట్టు వెనక్కి తీసుకోలేదు, కొత్తది పెట్టనూ లేదు.

"మళ్ళీ వినేదానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది.

ఎవరేమడిగినా నంబరు చెప్పే పేరా గారు ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గర నంబరు లేదు.