ఇరవై పళ్ల గేరు

మా పికప్ బండిలో స్పీడు మీటరు ముల్లు సున్నా దగ్గర పడిపోయి ఎన్నేళ్లయిందో మా ఆయనకే గుర్తులేదు. ఇంజను చప్పుడును బట్టి వేగం తెలుసుకునేవాడు. నేను నడపడం మొదలుపెట్టాక నాకూ అదే అలవాటైంది. ముల్లు లేవకపోతే ఉల్లిగడ్డలు కర్నూలు మార్కెట్టుకు చేరవా? అసలా మీటరు వైపు చూసేదాన్నే కాదు. చూడాల్సి వచ్చింది మా బావ అన్న ఒక్క మాట వల్ల.

బావంటే మా ఆయనకు అన్న. ఓర్వకల్లు దగ్గర మా ఊళ్లో ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి ఆ బండి కొన్నారు. అప్పటికే అది పాతది. కాగితాలు పెద్దవాడి పేరు మీద రాయించారు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ల మధ్య పేరెవరిదైతే ఏమని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత విమానాశ్రయం చుట్టుపక్కల భూములకు గిరాకీ వచ్చింది. బావ ఆ వ్యాపారంలో దిగి కర్నూలులో ఇల్లు కట్టుకున్నాడు. బండి మాకు, అత్త మాకు మిగిలారు. మా ఆయన ఆ బండితోనే సంసారం లాగాడు. ఒకరోజు నాపరాళ్లు దించుతుంటే నడుము పట్టేసి కింద కూలబడ్డాడు. ఇక స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

నేను పుట్టింది కమలాపురంలో. పెళ్లికి ముందే మా నాయన ట్రాక్టరుతో దుక్కి దున్నినదాన్ని. లైసెన్సు తీసుకుని పికప్ ఎక్కాను. మొదట్లో మార్కెట్టులో హమాలీలు బండి చుట్టూ చేరి చూసేవాళ్లు. కొన్నాళ్లకు చూడటం మానేశారు. సరుకు బాగానే దొరికేది. అంతలో బండికి ఎఫ్‌సీ గడువు తీరింది. అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని పరీక్ష చేసి ఇచ్చే కాగితం. అది లేనిదే నడపలేం.

ఆ వారమే బావ ఊరికొచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని చెప్పుకాలితో తన్నాడు.

"ఇంగ దీన్ని తుక్కు కింద గుజిరీకి ఏసెయ్యాల్సిందే. ఎవుడు పాస్ చేస్తాడు దీన్ని?" అన్నాడు.

"నేను చేయిస్తా బావా," అన్నాను.

ఆయన నవ్వాడు. "చేయిస్తే బండి మీదేలేమ్మా. నాకేం పని దీంతో? కాగితాలు గూడా తమ్ముని పేరుకే మార్పిస్తా."

అత్త అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఆమె కూడా విన్నది. "పెద్దోడు మాటంటే మాటే," అంది నాతో, ఆయన వెళ్లాక.

బ్రేకులు, లైట్లు, రంగు అన్నీ ఒక్కొక్కటిగా చేయించాను. పరీక్షకు తీసుకెళ్తే అన్నీ చూసి, చివరికి మీటరు దగ్గర ఆగారు. ముల్లు లేవలేదు. అది బాగుచేయించుకుని రమ్మని పంపేశారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, నిబంధన అదే.

రోడ్డు పక్క మెకానిక్కు చూపించాను. గేరుబాక్సు నుంచి మీటరుకొచ్చే కేబుల్ తెగి ఉంటుందని అతను కొత్తది వేశాడు. ముల్లు కదల్లేదు.

"అయితే మీటరే పోయిందమ్మా. మొత్తం మార్సాల," అన్నాడు.

"పోయిందని ఎట్ల తెలుస్తాదన్నా?"

"కేబుల్ కొత్తదేస్తిమి గదా. ఇంగేం ఉండాది మధ్యలో?"

మధ్యలో ఏముందో నాకూ తెలియదు. ఇంటికొచ్చి మా ఆయన్ను అడిగాను. ఆయన మంచం మీద పడుకునే, గోడవైపు చూస్తూ చెప్పాడు. గేరుబాక్సు తోక దగ్గర వేలెడంత ప్లాస్టిక్ పళ్లచక్రం ఉంటుందట. బండి నడిస్తే అది తిరుగుతుంది, అది తిరిగితే కేబుల్ లోపలి తీగ తిరుగుతుంది, తీగ తిరిగితే ముల్లు లేస్తుంది. చెప్పి, "వదిలెయ్యి. ఎందుకు అవస్థ పడతావు దాంతో?" అన్నాడు. నడుము పడినప్పటి నుంచి ఆయన అన్నిటికీ ఆ మాటే అనేవాడు.

నేను వదల్లేదు. మీటరు వెనక నుంచి కేబుల్ విప్పాను. వెనక చక్రం ఒకదాన్ని జాకీతో పైకెత్తి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, చక్రం తిప్పమని అత్తను పిలిచాను.

"ఈ వయసులో నాతో బండి పని గూడా చేయిస్తాండావు," అని సణుగుతూనే తిప్పింది. నేను ముందు కూర్చుని కేబుల్ కొస చూశాను. తీగ కదల్లేదు. తీగే తిరగనప్పుడు మీటరు పోయిందని ఎలా అంటాం? అడుగు నుంచి కూడా కేబుల్ విప్పి, ఆ కొసను వేళ్లతో మెలితిప్పితే పై కొస తిరిగింది. కేబుల్‌లో లోపం లేదు. ఇక మిగిలింది ఆ పళ్లచక్రమే.

గోనెపట్ట పరుచుకుని బండి కిందికి దూరాను. బోల్టు విప్పి లాగితే గేరు ఊడివచ్చింది, దాని వెంట నల్లటి నూనె చెంప మీద కారింది. పళ్లు సగానికి పైగా అరిగి మొద్దుబారి ఉన్నాయి. దాన్ని చీరకొంగుతో తుడిచి మా ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయనంతట ఆయనే లేచి కూర్చోవడం చూసి ఎన్నాళ్లయిందో.

కర్నూలులో ఎన్ని కొట్లు తిరిగినా అలాంటిది దొరకలేదు. ఆ మోడలు బండ్లు రావడం ఆగిపోయింది, సామాను కూడా రాదన్నారు. బస్సెక్కి కడపకు వెళ్లాను. పాత బండ్లు విప్పి అమ్మే గుజిరీ కొట్టులో ఒక పెద్దాయన డబ్బాలో చెయ్యిపెట్టి, నా చేతిలోని పాత గేరు చూడగానే ఒకటి తీసిచ్చాడు. తెచ్చి, కొంచెం గేరు నూనె రాసి, రబ్బరు వాషరు కొత్తది వేసి బిగించాను. మా ఆయన పక్కసీట్లో దిండు పెట్టుకుని కూర్చున్నాడు. హైవే ఎక్కకుండా ఊరి రోడ్డు మీదే బండి తీశాను. ముల్లు వణికింది. వణికి, మెల్లగా లేచింది.

"లేసిందే!" అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా.

కానీ వేగం ఎక్కువ చూపిస్తున్నట్టు అనిపించింది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ నడిపాము. ఆయన రాళ్లు లెక్కపెట్టాడు, నేను మీటరు చూశాను. తొమ్మిది కిలోమీటర్లు నడిచేసరికి మీటరులో పది తిరిగింది. ఇంటికొచ్చి పాత గేరు అరిగిన మొదళ్లన్నీ లెక్కపెడితే ఇరవై ఉన్నాయి. కొత్తదానికి పద్దెనిమిదే. పళ్లు తక్కువైతే చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. అది ఎక్కువ తిరిగితే ముల్లు ఎక్కువ చూపిస్తుంది. మళ్లీ కడప బస్సెక్కాను. ఈసారి డబ్బా నేనే ముందుకు లాక్కుని, ఇరవై పళ్లున్నది దొరికేదాకా ఒక్కొక్కటి తీసి లెక్కపెట్టాను.

అది వేశాక రాయికీ మీటరుకూ తేడా రాలేదు. ఆ రోజు తిరిగొస్తూ మా ఆయన ఓర్వకల్లులో బండి ఆపించి, ఇద్దరికీ టీ చెప్పాడు. ఇక మీదట బండిలో నా పక్కన కూర్చుని సరుకు లెక్క తాను చూసుకుంటానన్నాడు. నేను ఆయన్ను అంత మాట్లాడే మనిషిగా మళ్లీ చూడలేదు.

బండి పాసైంది. కాగితం తీసుకెళ్లి అత్తకు చూపించాను. బావకు ఫోన్ చేసి చెప్పాను. "శానా సంతోషమమ్మా," అన్నాడు.

ఆదివారం ఆయన వచ్చాడు. వెంట ఇంకో మనిషి. కర్నూలులో నీళ్ల క్యాన్లు వేసుకునేవాడట. బావ తాళాలు అడిగితే, ఊరికే చూపిస్తాడేమోనని ఇచ్చాను. ఇద్దరూ బండెక్కి ఊరి చివరిదాకా వెళ్లొచ్చారు. దిగుతూ బావ ఆ మనిషితో, "చూస్తివి గదప్పా, మీటరు గూడా కరెక్టుగా పనిచేస్తాంది. పాత బండ్లలో యాడన్నా సూపించు సూద్దాం," అన్నాడు.

అతను బండి కొనడానికి వచ్చాడని అప్పుడర్థమైంది.

"బావా, బండి మాదే అంటివి గదా?" అన్నాను.

"అంటిని. కాని పరిస్థితి మారిపాయ గదమ్మా. ఒక భూమి బేరం ఇరుక్కున్యాది. పేరు నాదే గదా, ఇబ్బంది పడేది నేనే గదా. ఆడమనిషివి, ఎన్నాళ్లని తోల్తావు?"

అత్త వైపు తిరిగాను. "నువ్వు గూడా వింటివి గదత్తా."

ఆమె చెనక్కాయల చేట పక్కకు జరిపి, "ఇంటికి పెద్దోడు. వాని కష్టం వానికి ఉంటాది," అంది.

మా ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. ఒక్క మాట. 'ఆ బండి ఆమెది అన్నా' అంటే చాలు. బావ ఇస్తాడని కాదు. ఎవరో ఒకరు ఆ మాట అనాలని.  ఆయన లోపలికి వెళ్లి బండి కాగితాలు తెచ్చి అన్న చేతికిచ్చాడు. ఎఫ్‌సీ కాగితం అన్నిటికంటే పైనుంది.

బండి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ మంచమెక్కాడు. ఇప్పుడు నేను ఓర్వకల్లులో ఒక రైతు బండికి డ్రైవరుగా వెళ్తున్నాను. అందులో మీటరు అంకెలతో వెలుగుతుంది. నా చేత్తో ఏదీ తిప్పి చూసే పనిలేదు. మా ఆయనా నేనూ ఆ ఆదివారం గురించి ఇంతవరకు మాట్లాడుకోలేదు. ఒకే కంచంలో తిని, ఒకే గదిలో పడుకుంటూ కూడా ఒక విషయం చుట్టూ ఎంత దూరం తిరిగి నడవవచ్చో నాకు బాగా తెలిసింది.

మొన్న బావ కర్నూలులో ఇంటిపైన ఇంకో అంతస్తు వేసి భోజనాలు పెట్టాడు. పోకపోతే బాగుండదని వెళ్లాము. వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "మా తమ్ముని పెండ్లాం. బండి తోల్తాది, రిపేరి గూడా చేస్తాది. మా ఇంట్ల ఆడోళ్లు తక్కువోళ్లు గాదు," అన్నాడు. అందరూ నవ్వారు, మెచ్చుకున్నారు. మా ఆయన కూడా నవ్వాడు. నేను ఆకు మడిచి లేచి, చెయ్యి కడుక్కుని, అత్త ఇంకా పాయసం తింటుండగానే ఒక్కదాన్నే బస్టాండుకు నడిచాను.